నీకెలా తెలిసింది?

పిల్లలూ! ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. ఇలాంటి విజ్ఞాన సర్వస్వం ఒకటి ఉంది. అదే వికీపీడియా. మీలో చాలామంది ప్రాజెక్టు పనుల కోసం దాన్ని చూసే ఉంటారు. కాని అందులో రాసినవారు ఎంతమంది? తరగతిలో చెయ్యెత్తమంటే ఒకటి రెండు చేతులకన్న లేవవు. ఆ ఒకరిద్దరు కూడా ‘నేను రాసినది తీసేశారండీ’ అని ముఖం చిన్నబుచ్చుకుంటారు. ఎందుకు తీసేశారు? ఎలా రాస్తే నిలుస్తుంది? ఈ నెల ఆ సంగతి తెలుసుకుందాం.

పూచీ ఎవరిది?

తెలుగులో విజ్ఞాన సర్వస్వం ఉండాలన్న కోరిక చాలా పాతది. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు వందేళ్ళ క్రితమే ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ అనే బృహత్కార్యానికి పూనుకున్నారు. మూడు సంపుటాలు వెలువడ్డాయి. పని పూర్తికాకుండానే 1923లో ఆయన కన్నుమూశారు. అలాంటి గ్రంథాన్ని చేతపట్టినప్పుడు పాఠకుడు సంపాదకుని పాండిత్యాన్ని చూసి నమ్ముతాడు. అక్కడ పండితుని పేరే పూచీ.

వికీపీడియా సంగతి వేరు. దీన్ని 2001 జనవరి 15న జిమ్మీ వేల్స్, లారీ సాంగర్ అనే అమెరికన్లు ఇంగ్లీషులో ప్రారంభించారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఇందులో రాసేవారికి జీతాలు లేవు, పరీక్షలు లేవు, డిగ్రీలు అక్కర్లేదు. వారిని ‘వాడుకరులు’ అంటారు. ఒక వాడుకరి విశ్రాంత ఇంజనీరు కావచ్చు, మరొకరు మీలాంటి విద్యార్థి కావచ్చు. చాలామంది అసలు పేరు కూడా పెట్టుకోరు. మరి పేరు, ఊరు తెలియనివారు రాసినదాన్ని మనం ఎలా నమ్మాలి? ఇక్కడ పూచీ ఎవరిది?

ఈ చిక్కు ప్రశ్నకు వికీపీడియా కనిపెట్టిన జవాబే ‘మూలాలు చూపడం’ అనే నియమం.

చెరువు గురించి రెండు వాక్యాలు

తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి తెలుగు వికీపీడియాలో తన ఊరి వ్యాసం తెరిచిందనుకుందాం. ఊరి పెద్ద చెరువు ప్రస్తావన అందులో లేదు. వెంటనే ఇలా చేర్చింది: ‘ఈ ఊరి చెరువును కాకతీయుల కాలంలో తవ్వించారు. ఇది జిల్లాలోకెల్లా లోతైన చెరువు.’

మర్నాడు చూస్తే రెండో వాక్యం లేదు. మొదటి వాక్యం పక్కన ‘ఆధారం చూపాలి’ అని చిన్న అక్షరాలు కనిపించాయి. అమ్మాయికి దుఃఖం వచ్చింది. ‘మా తాతయ్య చెప్పాడు. ఊరందరికీ తెలుసు. నేనేమైనా అబద్ధం రాశానా?’

అమ్మా! నీవు అబద్ధం రాశావని ఎవరూ అనలేదు. నీవు రాసిన మాటను దూరదేశంలో ఉన్న పాఠకుడు ఎలా సరిచూసుకోవాలని మాత్రమే అడిగారు. ఆ పాఠకుడికి మీ తాతయ్య తెలియడు. ఆయన ఎంత సత్యవంతుడో తెలియదు. ఆయనను వెతుక్కుంటూ మీ ఊరు రాలేడు. అదే మాట ఒక పుస్తకంలో ఫలానా పుటలో ఉందని చూపితే, ఆ పుస్తకం ఏ గ్రంథాలయంలో దొరికినా తెరిచి చూసుకోగలడు.

దీన్నే వికీపీడియాలో ‘నిర్ధారత్వం’ అంటారు. పాఠకుడు తానే సరిచూసుకుని నిర్ధారించుకోగలగడం అని దాని అర్థం.

ఈ మాట మనకు కొత్తదేమీ కాదు. ప్రయోగశాలలో మీరు రికార్డు రాస్తారు కదా. ఉద్దేశం, పరికరాలు, పద్ధతి, పరిశీలనలు, ఫలితం అని వరుసగా ఎందుకు రాయమంటాం? మీ రికార్డు చూసి మరొకరు అదే ప్రయోగం చేసి అదే ఫలితం పొందగలగాలని. సముద్రమట్టం దగ్గర నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుందన్న మాటను మనం ఏ మహానుభావుడో చెప్పాడని నమ్మనవసరం లేదు. బీకరు, ధర్మామీటరు ఉంటే చాలు. కాకతీయుల నాటి సంగతిని బీకరులో మరిగించి చూడలేం. అందుకని అక్కడ పుస్తకం పేరు, పుట సంఖ్య ఆ పని చేస్తాయి.

ఇందులో ఇంకొక గొప్ప సంగతి ఉంది. ‘నీకెలా తెలిసింది?’ అన్న ప్రశ్నను ఆరో తరగతి పిల్లవాణ్ణీ అడుగుతారు, విశ్వవిద్యాలయం ఆచార్యుణ్ణీ అడుగుతారు. ‘నాకు తెలుసు’ అంటే ఇద్దరిలో ఎవరికీ చెల్లదు. ఆధారం చూపితే ఇద్దరి వాక్యమూ నిలుస్తుంది.

ఆధారం అడగకపోతే ఏమవుతుంది?

2005 మే నెలలో ఇంగ్లీషు వికీపీడియాలో ఎవరో జాన్ సీగెన్‌థాలర్ అనే పెద్దాయన గురించి ఒక వ్యాసం రాశారు. ఆయన అమెరికాలో పేరున్న పాత్రికేయుడు. ఒకప్పుడు రాబర్ట్ కెనెడీ దగ్గర పనిచేశారు. అలాంటి మనిషిపై కెనెడీ సోదరుల హత్యల విషయంలో అనుమానం ఉండేదని ఆ వ్యాసంలో రాశారు. అది పచ్చి అబద్ధం. ఆధారం చూపలేదు, ఎవరూ అడగలేదు. నాలుగు నెలలకు పైగా ఆ రాత అలాగే ఉండిపోయింది. ఎవరో సరదాకు చేసిన పని అని తరువాత తేలింది. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో ఆ మనిషి ఎంత బాధపడి ఉంటాడో ఆలోచించండి.

ఆ సంవత్సరం డిసెంబరు నుంచి ఇంగ్లీషు వికీపీడియాలో ఖాతా లేనివారు కొత్త వ్యాసాలు ప్రారంభించే వీలు తీసేశారు. బ్రతికున్న వ్యక్తుల గురించిన రాతలకు నియమాలు బిగించారు. ఒక మనిషి పేరు చెడగొట్టే మాట ఆధారం లేకుండా కనిపిస్తే, చర్చ కోసం ఆగకుండా వెంటనే తీసేయవచ్చు.

ఇప్పుడు ఆధారం అడిగినప్పుడు ఏమైందో చూడండి. 2009 మార్చి చివర మారిస్ జార్ అనే ఫ్రెంచి సంగీత దర్శకుడు మరణించారు. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’, ‘ఎ పాసేజ్ టు ఇండియా’ వంటి చిత్రాలకు ఆస్కార్ పొందినవారు. వార్త తెలియగానే ఐర్లండ్‌లోని డబ్లిన్ విద్యార్థి ఒకడు, జార్ అన్నట్లుగా తానే అల్లిన మాటలను వికీపీడియాలో చేర్చాడు. పాత్రికేయులు సరిచూస్తారా లేదా అన్నది అతని పరీక్ష. వికీపీడియా వాడుకరులు ‘ఆధారం ఏదీ?’ అని ఆ మాటలను తీసేశారు. అతడు మళ్ళీ పెట్టాడు, వారు మళ్ళీ తీశారు. అయితే అవి అక్కడ ఉన్న కొద్ది కాలంలోనే బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో, మన దేశంలో కూడా కొన్ని పత్రికలు వాటిని ఎత్తి రాసుకున్నాయి. నెల తరువాత ఆ విద్యార్థే ఉత్తరాలు రాసి చెప్పేవరకు పత్రికలవారికి తెలియలేదు. జీతం లేని వాడుకరులు అడిగిన చిన్న ప్రశ్నను, జీతం తీసుకునే విలేఖరులు అడగలేదన్నమాట.

ఎలాంటి ఆధారం చెల్లుతుంది?

ఏదో ఒక ఆధారం ఉంటే సరిపోదు. ప్రతి మూలానికీ మూడు పరీక్షలు పెట్టాలి.

మొదటిది, అది అచ్చయ్యే ముందు ఎవరైనా సరిచూశారా? పాఠ్యగ్రంథాలు, పేరున్న ప్రచురణ సంస్థల పుస్తకాలు, శాస్త్ర పత్రికలు, దినపత్రికలు – వీటికి సంపాదకులుంటారు. రచయిత రాసినదాన్ని మరొక కన్ను చూస్తుంది. వాట్సాప్‌లో తిరిగే సందేశాన్ని, ఫేస్‌బుక్‌లో ఎవరో రాసుకున్న మాటను చూసేవారెవరు? ఈ రోజుల్లో అడిగిన వెంటనే జవాబు చెప్పే కృత్రిమ మేధ కూడా వచ్చింది. అది ఒక్కొక్కప్పుడు లేని పుస్తకం పేరు కూడా ఉన్నట్లే చెబుతుంది. అది చెప్పిన పుస్తకాన్ని మీరు తెరిచి చూడనంతవరకు అది ఆధారం కాదు.

రెండవది, రాసినవారికి ఆ విషయంలో స్వలాభం ఉందా? ఒక కళాశాల గొప్పదని ఆ కళాశాల కరపత్రమే చెబితే ఎలా? తన పెరుగు పుల్లగా ఉందని ఎవరూ చెప్పుకోరు కదా! కళాశాల ఏ సంవత్సరంలో స్థాపించారన్న సాదా సంగతికి దాని సొంత ప్రచురణ పనికివస్తుంది. ‘రాష్ట్రంలోకెల్లా మేటి’ అన్న మాటకు మాత్రం దానితో సంబంధంలేని మూలం కావాలి.

మూడవది, మీరు రాసిన మాటే ఆ మూలంలో ఉందా? ఇది పిల్లలూ పెద్దలూ కూడా మరచిపోయే సంగతి. పుస్తకంలో ‘ఈ చెరువు కాకతీయుల నాటిదని స్థానికులు చెబుతారు’ అని ఉంటే, మనం ‘కాకతీయులు తవ్వించారు’ అని రాయకూడదు. ‘అని స్థానికులు చెబుతారు’ అన్న మాటలు చిన్నవిగా కనిపించినా, వాటిని తీసేస్తే అర్థమే మారిపోతుంది.

మూలం ఇంటర్నెట్‌లోనే ఉండనక్కర్లేదు. ఇంగ్లీషులోనే ఉండాలనీ లేదు. మీ ఊరి శాఖా గ్రంథాలయంలో దుమ్ముపట్టిన తెలుగు పుస్తకం అయినా సరే, రచయిత, పుస్తకం పేరు, ప్రచురణ సంస్థ, సంవత్సరం, పుట సంఖ్య రాస్తే చెల్లుతుంది.

తన తోకను తానే మింగే పాము

వికీపీడియాలోని ఒక వ్యాసాన్ని మరొక వ్యాసానికి ఆధారంగా చూపకూడదు. ఎందుకో ఈ కథ చెబుతుంది.

దక్షిణ, మధ్య అమెరికా అడవుల్లో కోటి అనే జంతువు ఉంది. పొడుగాటి ముట్టె, చారల తోకతో ఉంటుంది. రకూన్ కుటుంబానికి చెందినది. 2008లో ఒక అమెరికన్ విద్యార్థి బ్రెజిల్‌లో దాన్ని చూసివచ్చి, దీనికి ‘బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్’ అనే పేరు కూడా ఉందని తమాషాకు వికీపీడియాలో రాశాడు. నిజానికి ఆర్డ్‌వార్క్ ఆఫ్రికా జంతువు. దీనికీ దానికీ చుట్టరికం లేదు. కొన్నాళ్ళకు ఈ కొత్త పేరు బ్రిటిష్ పత్రికల్లో కనిపించింది. తరువాత ఒక విశ్వవిద్యాలయం ప్రచురించిన పుస్తకంలోకి ఎక్కింది. చిత్రమేమంటే, వికీపీడియా చూసి రాసిన పత్రికనే తెచ్చి వికీపీడియాలో ఆధారంగా పెట్టారు! 2014లో ఒక అమెరికన్ పత్రిక ఈ సంగతి బయటపెట్టేవరకు అబద్ధం తనకు తానే సాక్ష్యం చెప్పుకుంటూ కూర్చుంది.

‘ఇదిగో పులి అంటే అదిగో తోక’ అన్న సామెత ఉండనే ఉంది. అచ్చులో కనిపించిన తోకకు కూడా వెనుక పులి ఉందో లేదో చూడాలి.

ఊట దాకా వెళ్ళాలి

ఈ జబ్బు వికీపీడియాతో పుట్టింది కాదు. పాలకూర కథ వినండి. పందొమ్మిదో శతాబ్దిలో ఒక శాస్త్రజ్ఞుడు దశాంశ బిందువును తప్పుచోట పెట్టాడనీ, దానితో పాలకూరలో ఇనుము పదిరెట్లు ఎక్కువ ఉన్నట్లు లోకమంతా నమ్మిందనీ మీరు చదివి ఉండవచ్చు. అజాగ్రత్త ఎంత చేటు తెస్తుందో చెప్పడానికి చాలామంది ఈ కథ వాడతారు.

1981లో టెరెన్స్ హాంబ్లిన్ అనే వైద్యుడు ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో ఈ కథ రాశారు. అంత పెద్ద పత్రికలో వచ్చింది కనుక అందరూ ఎత్తి రాసుకున్నారు. 2010లో మైక్ సటన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు మాత్రం ఆ దశాంశ బిందువు కోసం పాత గ్రంథాలన్నీ వెతికారు. అది ఎక్కడా కనిపించలేదు! హాంబ్లిన్‌ను అడిగితే, తనకు ఆ కథ ఎక్కడ దొరికిందో గుర్తులేదన్నారు. అజాగ్రత్తను వెక్కిరించే కథనే అజాగ్రత్తగా ఒకరి నుంచి ఒకరు నకలు చేసుకున్నారన్నమాట.

ఇంతకీ 100 గ్రాముల పచ్చి పాలకూరలో సుమారు 2.7 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఆకుకూరగా అది తక్కువేమీ కాదు. అయితే అందులో కొద్ది భాగాన్నే మన శరీరం గ్రహించగలుగుతుంది.

ఏటిలో నీరు మురికిగా ఉంటే ఊట దాకా వెళ్ళి చూస్తాం. ఒక పుస్తకం మరొక పుస్తకాన్ని చూపితే, వీలైనంతవరకు ఆ రెండో పుస్తకాన్ని కూడా తెరవాలి. మీరు చదవని పుస్తకాన్ని చదివినట్లు మూలంగా చూపకూడదు.

సొంత పరిశోధన ఎందుకు కూడదు?

చెరువు అమ్మాయి పట్టుదల గలది అనుకుందాం. తాటికి రాయి కట్టి, పడవలో వెళ్ళి చెరువు లోతు కొలిచింది. ఆ కొలతను వికీపీడియాలో రాయవచ్చా? రాయకూడదు. దాన్ని ‘మౌలిక పరిశోధన’ అంటారు. ఎక్కడా ప్రచురితం కాని కొత్త సంగతికి వికీపీడియా మొదటి వేదిక కాకూడదన్నది నియమం. కొలత తప్పని కాదు. దాన్ని పరీక్షించే ఏర్పాటు అక్కడ లేదు. శాస్త్ర పత్రికకు వ్యాసం పంపితే ఆ విషయం తెలిసిన ఇతర శాస్త్రజ్ఞులు చదివి ప్రశ్నలు వేస్తారు. విజ్ఞాన సర్వస్వం ఆ గట్టు దాటివచ్చినదాన్ని పోగుచేస్తుంది.

అంతమాత్రాన మీ చేతులు కట్టేసినట్లు కాదు. చెరువును మీరే ఫోటో తీసి, మీ సొంత ఫోటోగా వికీమీడియా కామన్స్‌లో పెట్టవచ్చు. కట్టమీద శాసనం ఉంటే దాని ఫోటో కూడా పెట్టవచ్చు. ఆ శాసనంలో ఏముందో మీరు చదివిన అర్థం రాయకూడదు గాని, పురావస్తు శాఖ ప్రచురించిన శాసన సంపుటంలో దాని పాఠం ఉంటే ఆ సంపుటాన్ని చూపి రాయవచ్చు. 2011 జనాభా లెక్కల్లో ఊరిలోని పురుషుల సంఖ్య, స్త్రీల సంఖ్య ఉంటే, రెండూ కూడి మొత్తం రాయవచ్చు. కూడిక ఎవరైనా సరిచూడగలరు కనుక అది పరిశోధన కాదు.

నియమానికి మరోవైపు

ఈ నియమం వల్ల అన్యాయం జరగదా? జరుగుతుంది. దాచిపెట్టనక్కర్లేదు.

కెనడాకు చెందిన డోనా స్ట్రిక్‌లాండ్ 1985లో తన గురువు జెరార్ మూరూతో కలిసి, అతి తక్కువ కాలం ఉండే శక్తిమంతమైన లేజర్ స్పందనలను తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. నేడు కంటి శస్త్రచికిత్సల్లో అలాంటి లేజర్లు వాడుతున్నారు. 2018 మే నెలలో ఒకరు ఆమెపై వ్యాసం రాసి ఇంగ్లీషు వికీపీడియాకు సమర్పిస్తే, చూపిన ఆధారాలు చాలవని తిప్పిపంపారు. అదే సంవత్సరం అక్టోబరు 2న ఆమెకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించారు! ఆ బహుమతి పొందిన మూడవ మహిళ ఆమె. ఆమె వ్యాసం ఆ రోజే వికీపీడియాలో వెలసింది.

లోపం ఎక్కడుంది? ఒక మనిషిపై వ్యాసం ఉండాలంటే, ఆ మనిషితో సంబంధంలేని ఇతరులు ఆమె గురించి తగినంత రాసి ఉండాలి. స్ట్రిక్‌లాండ్ పని గొప్పదే. ఆమె గురించి పత్రికలు, పుస్తకాలు రాసింది తక్కువ. లోకం ఎవరిని పట్టించుకోలేదో వారిని విజ్ఞాన సర్వస్వం కూడా చూడలేకపోతుంది. మన ఊళ్ళలో మగ్గం పనిలో ఆరితేరిన అవ్వలు, తోలుబొమ్మలాడించే తాతలు ఎంతమంది అచ్చుకెక్కకుండానే పోతున్నారు!

దీనికి మందు నియమాన్ని తీసేయడం కాదు. తీసేస్తే సీగెన్‌థాలర్‌కు జరిగినదే మళ్ళీ జరుగుతుంది. అచ్చులోకి రావలసినవాటిని అచ్చులోకి తేవాలి. పెద్దల మాటలు తారీఖుతో, పేరుతో రాసిపెట్టండి. స్థానిక చరిత్రలు రాసేవారికి, విలేఖరులకు చూపండి. వారు సరిచూసి ప్రచురిస్తే అదే రేపటి మూలమవుతుంది.

రాయబోయే ముందు

మొదట మూలం చదవండి, తరువాత వాక్యం రాయండి. చాలామంది వాక్యం రాసేసి ఆపైన మూలం కోసం వెతుకుతారు. అది జవాబు ముందు వేసుకుని లెక్క చేయడం వంటిది.

మూలంలోని వాక్యాలను ఉన్నవున్నట్లు ఎత్తి రాయకండి. సంగతి గ్రహించి మీ మాటల్లో రాయండి. ఏ వాక్యానికి ఏ మూలమో ఆ వాక్యం చివరనే చూపండి.

అలవాటు కోసం వాడుకరులకు ‘ప్రయోగశాల’ అనే పుట ఉంది. పేరు బాగుంది కదూ! అక్కడ ఎన్ని తప్పులు చేసినా ఎవరూ ఏమీ అనరు. మీ వాక్యాన్ని ఎవరైనా తీసేస్తే కోపం తెచ్చుకోకండి. వ్యాసం వెంట చర్చా పుట ఉంటుంది. ‘ఎందుకు తీశారండీ?’ అని మర్యాదగా అడగండి. అందరికీ సంబంధించిన సందేహమైతే తెలుగు వికీపీడియాలో రచ్చబండ ఉంది. తీసేసిన వాక్యం కూడా చరిత్ర పుటలో భద్రంగా ఉంటుంది. ఆధారం దొరికిన రోజున మళ్ళీ పెట్టవచ్చు.

మీరే చేసి చూడండి

మీకు నచ్చిన వికీపీడియా వ్యాసం ఒకటి తీసుకోండి. మూలం సంఖ్య ఉన్న వాక్యాలు ఐదు ఏరండి. నోటుపుస్తకంలో మూడు గడులు గీయండి. మూలం దొరికి, ఆ మాట అందులో ఉంటే మొదటి గడిలో. మూలం దొరికినా ఆ మాట లేకపోతే రెండో గడిలో. మూలమే దొరకకపోతే మూడో గడిలో గుర్తు పెట్టండి. రెండో గడిలో ఒక్క గుర్తు పడినా, మీరు విజ్ఞాన సర్వస్వాన్ని బాగుచేసే అవకాశం దొరికినట్లే. అసలు మూలంలో ఏముందో చూసి వాక్యాన్ని దిద్దండి.

తరువాత అదే పరీక్షను మీ పాఠ్యపుస్తకానికీ, దినపత్రికకూ, చివరకు ఈ వ్యాసానికీ పెట్టండి. ‘నీకెలా తెలిసింది?’ అని అడిగితే కోపగించుకునేవారిని కొంచెం జాగ్రత్తగా నమ్మాలి. సంతోషంగా పుట సంఖ్య చెప్పేవారితో స్నేహం చేయాలి.